తాళం ఏ సాయి చేతికిచ్చారు?

మొన్న ఉగాది కార్యక్రమంలో భోజనాల వరసలో నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఓ అబ్బాయి, "అంకుల్, మీరు సాఫ్ట్‌వేర్ కదా, ఒక్క మాట అడగొచ్చా?" అన్నాడు. నలభై దాటాక 'అన్నా' అని పిలిచేవాళ్లు తగ్గిపోతారు. దానికి నేనేమీ బాధపడలేదు. (కొంచెం పడ్డాను.) వీసా గురించో, ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందనో అడుగుతాడనుకున్నాను. అతను అడిగింది వేరు.

"నా ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సుకి మూడేళ్లు నిండాయి అంకుల్. ఎక్స్‌పైర్ అయిపోయిందట. కంప్యూటర్‌లో నా పేరు పక్కన ఎర్రగా చూపిస్తోందట. మళ్లీ డబ్బు కట్టి ట్రైనింగ్ చేసుకుంటేనే షిఫ్టు ఇస్తామంటున్నారు. నిజంగా ఎక్స్‌పైర్ అవుతుందా?"

పులిహోర పళ్లెం చేత్తో పట్టుకుని చెప్పగలిగే జవాబు కాదది. పైగా ఆ ఎరుపు, ఆకుపచ్చ గడుల సంగతి నాకు కాస్త ఎక్కువే తెలుసు. అలాంటి కంప్యూటర్ రికార్డు ఒకటి తయారు చేసింది నేనే. అందులో ఒకసారి ఎర్రగా ఉండాల్సిన గడి ఆకుపచ్చగా మారడానికి కారణమూ నేనే. ఆ కథ ఇంతవరకు మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

ముందు పిల్లల కోసం రెండు ముక్కలు. సూపర్‌మార్కెట్ వెనక వైపు ముందు రెండు ఇనప కొమ్ములు పెట్టుకుని, బీప్ బీప్‌మంటూ తిరిగే బండిని మీరు చూసే ఉంటారు. అదే ఫోర్క్‌లిఫ్ట్. నాన్న కారు ముందు చక్రాలతో మలుపు తిరుగుతుంది, ఇది వెనక చక్రాలతో తిరుగుతుంది. అందుకే మలుపులో దాని వెనక భాగం బయటికి విసురుగా వస్తుంది, పక్కన నిలబడినవాళ్లను కొడుతుంది. రెండున్నర టన్నులు ఎత్తే బండి తన బరువే దాదాపు నాలుగు టన్నులు ఉంటుంది, అంటే మూడు చిన్న కార్లంత. దీనికి చుట్టం రీచ్ ట్రక్. ఇరుకు సందుల్లో తిరగడానికి చేసింది. నడిపేవాడు పక్కకు తిరిగి కూర్చుంటాడు. సరుకును పది మీటర్ల ఎత్తుకు, అంటే మూడంతస్తుల మేడ మీదికి పెట్టినట్టు పెడుతుంది. ఒకటి నడపడం వచ్చినంత మాత్రాన రెండోది రాదు. ఈ చిన్న సంగతి చుట్టూనే నా కథంతా తిరుగుతుంది.

మిడ్‌లాండ్స్‌లో ఎం1, ఎం6 రోడ్ల పక్కన ఉన్నవాళ్లకు చెప్పక్కరలేదు. లటర్‌వర్త్ దగ్గరి మాగ్నా పార్క్ వైపో, డావెంట్రీ వైపో వెళితే కనుచూపు మేర గోదాములే. మాస్టర్స్ చేయడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది, సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటల పరిమితి చూసుకుంటూ, ఇలాంటి చోట్లే పని చేస్తారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'పార్ట్‌టైమ్' అంటారు. అమ్మానాన్నలు ఏ లైబ్రరీలోనో అనుకుంటారు.

లైసెన్సు అన్న మాటే లేదు

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు: బ్రిటన్ చట్టంలో 'ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు' అనేది లేదు. కారు లైసెన్సు ఇచ్చినట్టు ప్రభుత్వం దీన్ని ఇవ్వదు. మన జేబులో ఉండే కార్డు, శిక్షణ ఇచ్చిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్. ఆర్‌టీఐటీబీ, ఐటీఎస్ఎస్ఏఆర్, ఎన్‌పీఓఆర్ఎస్ లాంటి సంస్థల గుర్తింపు ఉన్న చోట నేర్చుకుంటే దానికి విలువ ఎక్కువ. అంతే.

చట్టం అడిగేది యజమానిని. 1974 నాటి ఆరోగ్య భద్రతా చట్టం ఉద్యోగికి శిక్షణ ఇప్పించే బాధ్యత యజమాని నెత్తిన పెట్టింది. ఆ తర్వాత 1998 డిసెంబర్ 5న రెండు నిబంధనలు ఒకేరోజు అమలులోకి వచ్చాయి. పూవర్ అనేది పని చేసే యంత్రాలన్నిటికీ, వాటిని వాడేవాళ్ల శిక్షణకూ సంబంధించింది. లోలర్ అనేది బరువులెత్తే యంత్రాలకు. ఎత్తే పనిని తెలిసినవాడు ముందే ఆలోచించి, దగ్గరుండి చేయించాలని, యంత్రాన్ని గడువు ప్రకారం క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని లోలర్ అంటుంది. మామూలు బరువులెత్తేవాటికి 12 నెలలకు ఒకసారి, మనుషుల్ని ఎత్తేవాటికి, గొలుసులూ పట్టీలకు 6 నెలలకు ఒకసారి. మన వైపూ ఇదే లెక్క ఉండేది. 1948లో వచ్చిన భారత ఫ్యాక్టరీల చట్టం లిఫ్టులకు ఆరు నెలలు, క్రేన్ల వంటివాటికి పన్నెండు నెలలు అని రాసింది.

ఇక మనిషి శిక్షణ. ఇక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ ప్రచురించిన ఎల్117 అనే నియమావళి దాన్ని మూడు మెట్లుగా చెబుతుంది. మొదటిది, బండి నడపడం అనే ప్రాథమిక శిక్షణ. రెండోది, ఈ కంపెనీలో, ఈ బండితో, ఈ సరుకుతో చేసే పనికి ప్రత్యేక శిక్షణ. మూడోది, పెద్దవాళ్ల కళ్లెదుట అసలు పని చేస్తూ అలవాటు పడటం. మూడూ అయ్యాక యజమాని 'ఇతను ఫలానా బండి నడపవచ్చు' అని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. జేబులోని కార్డు మొదటి మెట్టుకే సాక్ష్యం. మిగతా రెండూ, ఆ అనుమతీ కార్డు మీద ఉండవు. అవి కంపెనీ రికార్డులో ఉండాలి.

మా తాతగారి ఊళ్లో కరణంగారి దగ్గర అడంగల్ ఉండేది (తెలంగాణలో పహాణీ అంటారు). పట్టా ఎవరి పేరున ఉన్నా, ఈ ఏడు ఆ చెక్కను ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పైరు వేశారు అన్నది అందులో చూసేవారు. శిక్షణ సర్టిఫికెట్ పట్టా అయితే, కంపెనీ ఉంచాల్సిన రికార్డు అడంగల్. పట్టా ఎప్పుడో ఒకసారి పుడుతుంది. అడంగల్ మాత్రం ఏటేటా రాయాలి.

మరి మూడేళ్ల మాట ఎక్కడిది? మళ్లీ శిక్షణ ఎప్పుడివ్వాలో చట్టం గడువు పెట్టలేదు. మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి చేయించడం పరిశ్రమలో వాడుక. చాలాకాలం నడపకపోయినా, ప్రమాదం జరిగినా, బండి మారినా, చేతివాటం పాడైందనిపించినా అంతకంటే ముందే చేయించాలి. కాబట్టి ఆ అబ్బాయి సర్టిఫికెట్ చచ్చిపోలేదు. 'ఒకసారి చూసుకోండి' అని గుర్తు చేయాల్సిన కంప్యూటర్ 'చెల్లదు' అని చెబుతోంది. ఆ రెండు మాటల తేడా ప్రోగ్రాం రాసినవాడికి తెలియకపోతే ఒక కుర్రాడి వారం జీతం పోతుంది.

ఆకుపచ్చ గడి

కొన్నేళ్ల క్రితం మిడ్‌లాండ్స్‌లో ఒక గోదాము వాళ్లు నన్ను కాంట్రాక్టు మీద పిలిచారు. వాళ్ల శిక్షణ రికార్డంతా ఒక ఎక్సెల్ షీటులో ఉంది. నిలువు వరసలో మనుషులు, అడ్డ వరసలో యంత్రాలు, మధ్యలో గడులకు రంగులు. ఆకుపచ్చ అంటే నడపవచ్చు, పసుపు అంటే గడువు దగ్గర పడింది, ఎరుపు అంటే వద్దు. దాన్ని డేటాబేస్‌లోకి మార్చడం నా పని.

ఎక్సెల్ మంచి పనిముట్టే, కానీ రిజిస్టరు కాదు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసల కంటే పట్టవు, మిగతావి చప్పుడు లేకుండా జారిపోయాయి. అదే ఏడాది శాస్త్రవేత్తలు మనిషి జన్యువుల్లో కొన్నిటి పేర్లే మార్చుకున్నారు. 'మార్చ్1', 'సెప్ట్1' అని కొడితే ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తోందట! నా షీటులోనూ తేదీల గొడవ ఉంది. 03/04 అంటే ఇక్కడ ఏప్రిల్ మూడు, అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో మార్చి నాలుగు. ఆ చిక్కు నేను ఊహించాను, రెండు రోజులు కూర్చుని సరిచేశాను. ఊహించనిది పేర్ల చిక్కు. తెలుగువాణ్ణయి ఉండీ.

మన పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి ఫారంలో 'ఫస్ట్ నేమ్' అని ఉంటే మనవాడు నిజాయితీగా ముందు రాసేది, అంటే ఇంటిపేరు, రాస్తాడు. ఇంకొకడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే చోట ఉంటుంది. గోదాము వాళ్ల ప్రోగ్రాం ఖాళీ ఒప్పుకోదు కాబట్టి గుమాస్తా ఒక చుక్క పెడతాడు. మూడోవాడి పేరు పొడుగై చివర తెగిపోతుంది. అలా ఒకే మనిషికి రెండు మూడు వరసలు వచ్చాయి. వాటిని కలిపేయడానికి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. పేరులోని మాటలు అటూ ఇటూ అయినా ఒకటే, పంపిన ఏజెన్సీ ఒకటే, చేరిన రోజు ఒకటే అయితే ఒకే మనిషి కింద లెక్క. పుట్టినతేదీ కూడా వాడొచ్చు. కానీ అనవసరంగా వ్యక్తిగత వివరాలు ఎందుకని అది షీటులో ఉంచలేదు. (మా తరంవాళ్లలో చాలామందికి బళ్లో వేసిన పుట్టినరోజే కాబట్టి అదీ గొప్ప ఆధారమేమీ కాదనుకోండి.)

అక్కడ ఇద్దరు సాయిలు ఉన్నారు. అసలు పేర్లు వేరు, ఇక్కడికి ఇలా అనుకుందాం. ఇద్దరి పేర్లూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే, ఇంటిపేరు గడిలో ఇద్దరికీ చుక్కే. ఒకే ఏజెన్సీ ద్వారా ఒకే సోమవారం చేరారు. ఒకరిది గుంటూరు వైపు, ఒకరిది వరంగల్. గుంటూరు సాయి రీచ్ ట్రక్ నేర్చుకున్నాడు. వరంగల్ సాయికి మామూలు పాలెట్ బండి ఒక్కటే వచ్చు. నా ప్రోగ్రాం ఇద్దర్నీ కలిపి ఒక్కడిని చేసింది.

ఆదివారం రాత్రి షిఫ్టు. మనుషులు తక్కువ. సూపర్‌వైజర్ తెర మీద చూశాడు, సాయి, రీచ్ ట్రక్, ఆకుపచ్చ. ఎదురుగా ఉన్న సాయికి తాళం ఇచ్చాడు. 'నాకు రాదు' అని వరంగల్ సాయి ఎందుకు అనలేదని మీరడగవచ్చు. తర్వాత నేనూ అడిగాను. "అంటే వచ్చే వారం పిలవరేమోనని భయపడ్డానన్నా. మిగతా బండి లాంటిదే కదా అనుకున్నా" అన్నాడు. ఫీజు రెండో వాయిదా కట్టాల్సిన నెల అది.

ఇరవై నిమిషాలు బాగానే నడిపాడు. తర్వాత మలుపులో బండి వెనక భాగం ఇనప రాక్ నిలువు దిమ్మెకు తగిలింది. మూడో అర మీదున్న పాలెట్ ఒకటి జారి సందులో పడింది. వాషింగ్ పౌడర్ డబ్బాలు, సుమారు అర టన్ను. అంతకు కాసేపటి ముందే ఒకావిడ ఆ సందులోంచి సామాను ఏరుకుంటూ వెళ్లింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు వాళ్ల మొదటి నిర్ణయం, కుర్రాడు అబద్ధం చెప్పాడని. రికార్డులో ఆకుపచ్చ ఉంది కదా, శిక్షణ తీసుకున్నానని అతనే చెప్పుకుని ఉంటాడని. షిఫ్టులు ఆపేశారు. మేనేజర్ నాకు ఫోన్ చేసింది ఈ విషయం చెప్పడానికి కూడా కాదు, ఇంకేదో రిపోర్టు కోసం. మాటల్లో ఆ పేరు చెప్పింది. నాకు చెమటలు పట్టాయి. పాత షీటు కాపీ తెరిచి చూశాను. రెండు వరసలు, ఇద్దరు మనుషులు. కలిపింది నా ప్రోగ్రాం.

ఆ రాత్రే ఉత్తరం రాసి పంపాను, తప్పు నాదని. మా ఆవిడ "కాంట్రాక్టు పోతుందేమో, ఆలోచించి పంపండి" అంది. అంటూనే ఉత్తరంలో స్పెల్లింగులు దిద్దింది. కాంట్రాక్టు పోలేదు. కుర్రాడికి తొమ్మిది రోజుల జీతం పోయింది, అది మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఏజెన్సీ కంపెనీని అడగమంది, కంపెనీ ఏజెన్సీని అడగమంది.

తర్వాత ఆ రికార్డును మళ్లీ మొదటి నుంచి కట్టాను. మనిషికి గుర్తు పేరు కాదు, ఒక నంబరు, పక్కన ఫోటో. ఒక్క గడి బదులు మూడు మెట్లకు మూడు తేదీలు, ఎవరు చూసి సరేనన్నారో వాళ్ల పేరు, చివర అనుమతి సంతకం. బండి రకం రాస్తే చాలదు, ఏ సైజు బండి, ముందు తగిలించే పనిముట్టు ఏమిటో కూడా. ఏదీ చెరపడానికి వీల్లేదు. తప్పయితే దాని కింద దిద్దుబాటు రాయాలి, ఎవరు దిద్దారో, ఎప్పుడో పడాలి. రెండు వరసలు ఒకే మనిషివని అనుమానం వస్తే కంప్యూటర్ కలపదు, ఒక మనిషిని అడుగుతుంది. గడువు దాటితే 'చెల్లదు' అనదు, 'సూపర్‌వైజర్ చూడాలి' అంటుంది. చివరికి బండి తాళం తీసేసి పిన్ నంబరు పెట్టించారు. రికార్డులో అనుమతి లేనివాడు కొడితే బండి కదలదు. నిజం చెప్పాలంటే నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించింది ఆ ఫోటోనే.

అమ్మ ఉద్యోగంలోనూ

ఎత్తే యంత్రం అనగానే మనకు ఇనుము, గ్రీజు గుర్తొస్తాయి. కానీ కేర్ హోముల్లో, ఆసుపత్రుల్లో మన ఆడపడుచులు ఎంతోమంది రోజూ వాడే హాయిస్ట్, మంచం మీది పెద్దవాళ్లను పట్టీలో కూర్చోబెట్టి కుర్చీలోకి మార్చే యంత్రం, అది కూడా లోలర్ కిందికే వస్తుంది. మనుషుల్ని ఎత్తేది కాబట్టి దానికీ, ఆ పట్టీకీ ఆరు నెలల పరీక్ష. అక్కడ ఎత్తేది వాషింగ్ పౌడర్ కాదు, ఎవరి బామ్మనో. పట్టీల్లో రకాలున్నాయి, సైజులున్నాయి. ఒక కంపెనీ హాయిస్ట్‌కు ఇంకో కంపెనీ పట్టీ సరిపోకపోవచ్చు. పెద్ద సైజు పట్టీలో సన్నటి మనిషి జారిపోవచ్చు. అందుకే 'హాయిస్ట్ శిక్షణ అయింది' అని ఒక్క టిక్కు పెడితే సరిపోదు. ఏ హాయిస్ట్, ఏ పట్టీ, ఎవరు చూపించారు? మొదటి రోజు కంప్యూటర్‌లో వీడియో చూపించి టిక్కు పెట్టేస్తే, అక్కయ్యలూ, చెల్లెళ్లూ, "చేతులతో చేసి చూపించండి" అని అడగండి. అడిగితే తప్పు పట్టరు. పట్టినా అడగండి.

ఇంత చిన్న గడి గురించి ఇంత రాద్ధాంతమా అనిపించినప్పుడు నాకు విశాఖపట్నం గుర్తొస్తుంది. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలిపోయి 11 మంది చనిపోయారు. కారణం శిక్షణ రికార్డులని నేననడం లేదు, అది యంత్రాలు తెలిసినవాళ్లు తేల్చే సంగతి. కానీ చనిపోయినవారిలో షిప్‌యార్డు ఉద్యోగులూ ఉన్నారు, కాంట్రాక్టు సంస్థల మనుషులూ ఉన్నారు. ఒకే కొక్కెం కింద నాలుగు కంపెనీల మనుషులు నిలబడినప్పుడు, ఎవరికి ఏం నేర్పారో ఎవరి పుస్తకంలో ఉంటుంది? ఇక్కడి గోదాముల్లోనూ అదే ప్రశ్న. జీతం ఏజెన్సీ ఇస్తుంది, బండి కంపెనీది. శిక్షణ ఎవరు చూస్తారో ఇద్దరూ ముందే మాట్లాడుకుని రాసుకోవాలి. మాట్లాడుకోకపోతే ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

కాబట్టి గోదాముల్లో, కేర్ హోముల్లో పని చేసే మన పిల్లలకు నేను చెప్పేది ఇది. మీ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సర్టిఫికెట్ రెండు వైపులా ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. కంపెనీ ఇచ్చిన అనుమతి పత్రం వేరే అడిగి తీసుకోండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అన్ని ఫారాల్లోనూ అలాగే రాయండి, ఉద్యోగి నంబరు గుర్తుంచుకోండి. రికార్డులో మీ గురించి ఏముందో చూపించమని రాతపూర్వకంగా అడిగే హక్కు సమాచార రక్షణ చట్టం మీకిచ్చింది. మామూలుగా నెలలోపు, డబ్బు తీసుకోకుండా చూపించాలి. అందులో రాని బండి వచ్చినట్టు ఉంటే, సంతోషించకుండా వెంటనే చెప్పండి. 'ఒక్కరోజులో లైసెన్సు' ప్రకటనలకు డబ్బు కట్టకండి. కొత్తవాడికి ప్రాథమిక శిక్షణే సాధారణంగా మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది.

ఇంకొకటి ఆ ఉగాది రోజునే ఆ అబ్బాయికి చెప్పాను. ఉద్యోగం వెతుక్కోవడానికి మనంతట మనం నేర్చుకుంటే ఖర్చు మనదే. కానీ పనిలో ఉన్నవాడికి భద్రత కోసం మళ్లీ శిక్షణ కావాలని యజమాని అనుకుంటే, దాని ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదు, పని వేళల్లోనే ఇప్పించాలి. హెచ్ఎస్ఈ మాట అది. గొడవ పడకుండా, మర్యాదగా, రాతపూర్వకంగా అడుగు అన్నాను. ఉత్తరం ఇద్దరం కలిసి రాశాం, పాయసం తింటూ.

మూడు వారాల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. "కంపెనీయే కట్టింది అంకుల్. ఒక రోజు రిఫ్రెషర్. ఇప్పుడు ఆకుపచ్చ!" కంప్యూటర్ తెర అది. గడి నిజంగానే ఆకుపచ్చగా ఉంది. కాస్త పెద్దది చేసి చూశాను. ఫస్ట్ నేమ్ దగ్గర వాళ్ల ఇంటిపేరు ఉంది, ఇంటిపేరు దగ్గర చుక్క ఉంది. ఇంకో ఉత్తరం రాయాలని చెప్పాను. ఈ ఆదివారం వస్తానన్నాడు.